బ్రేకులు బాగానే ఉన్నాయి

బస్సు డిపోలో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తుండదు. అందరికీ ఆయన హుష్షన్న. బస్సు కిందికి దూరి పనిచేయడానికి కట్టిన గోతిలోంచి పైకి వచ్చిన ప్రతిసారీ రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి "హుష్" అంటాడు. పెద్ద టైరులోంచి గాలి పోయినంత అలసట ఉంటుంది అందులో. కొత్తగా చేరినవాళ్ళు అదే ఆయన పేరనుకుని మొదటి రోజే "హుష్షన్నగారూ" అని పిలిస్తే పలుకుతాడు. కాదని చెప్పడానికి కూడా ఓపిక కావాలి కదా.

ఆ డిపోలో ఇంకో వింత అలవాటు ఉంది. అక్కడ ఎవరూ ఒంట్లో సంగతి ఒంట్లో సంగతిగా చెప్పరు. "ఎలా ఉన్నావన్నా?" అంటే "పొద్దున స్టార్టింగ్ ట్రబులు, ఇప్పుడు ఫర్వాలేదు" అంటారు. మోకాళ్ళు నొప్పి పుడితే సస్పెన్షన్ పోయినట్టు. ఒళ్ళు మండితే ఇంజను వేడెక్కినట్టు. భార్యతో మాటపట్టింపు వచ్చినవాడికి గేరు పడట్లేదు. నవ్వుకోవడానికి మొదలుపెట్టిన మాటలు వాడగా వాడగా మామూలు మాటల్ని తినేశాయి. మనసు బాగాలేదని చెప్పడానికి మాత్రం వాళ్ళ దగ్గర మాటే లేదు. ఆ సంగతి బయటపడితే చేతిలోంచి స్టీరింగు లాగేసుకుంటారని అందరికీ లోలోపల భయం.

అందుకే బావమరిది వచ్చి "బ్రేకులు సరిగ్గా పడట్లేదు బావా" అన్నప్పుడు, బ్రేకుల పనిలోనే జుట్టు నెరిసిన హుష్షన్న కూడా అది బండి గురించే అనుకున్నాడు.

బావమరిది అంటే హుష్షన్న భార్యకు తమ్ముడు, అదే డిపోలో డ్రైవరు. అతణ్ణి అందరూ ఉయ్యాల అంటారు. అంత మెత్తగా నడుపుతాడు. "నీ బండెక్కితే నిద్రపట్టి దిగాల్సిన స్టాపు దాటిపోతోందయ్యా, కాస్త కుదిపితే నీ సొమ్మేం పోయింది" అని ప్రయాణికులు దెబ్బలాడేవారు. పెళ్ళి చేసుకోలేదు. డిపోకు దగ్గర్లోనే మేడ మీద ఒంటరి గదిలో ఉంటూ, బుద్ధిపుట్టినప్పుడు అక్క ఇంటికి భోజనానికి వస్తాడు.

హుష్షన్న గోతిలోకి దిగాడు. చక్రాలు విప్పి లైనింగులు చూశాడు. డ్రమ్ముల్లో వేలు పెట్టి తడిమాడు. గాలి గొట్టాలకు సబ్బునీళ్ళు రాసి ఎక్కడైనా బుడగ లేస్తుందేమోనని మెడ నొప్పెట్టేదాకా చూశాడు. ఏమీ లేదు. సరే, కంటికి ఆననిది ఏదో ఉందేమోనని బండి మార్పించాడు. రెండు రోజులు తిరక్కుండానే ఆ బండికీ అదే మాట. మళ్ళీ మార్చారు. మళ్ళీ అదే.

"హుష్షన్నా, మీ బావమరిది ఎక్కితే మంచి బండ్లకి కూడా బ్రేకులు పోతున్నాయి" అన్నాడు పక్క గోతిలోని టైర్లాయన. "వాళ్ళక్కని నీకిచ్చినందుకు ఇప్పుడు పగ తీర్చుకుంటున్నాడేమో చూసుకో."

"వాళ్ళక్కని ఇచ్చాక మళ్ళీ వేరే పగెందుకు?" అన్నాడు హుష్షన్న.

షెడ్డంతా గొల్లుమంది. హుష్షన్న నవ్వలేదు. విప్పిన చక్రాలు మళ్ళీ ఆయనే బిగించాలి.

మేనేజరమ్మ పిలిపించిన రోజున ఆమె ముందు రెండు ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగుతున్నాయి. ఒకదాన్ని ఎత్తి పెట్టేసింది, రెండోదాన్ని అలాగే మోగనిచ్చింది.

"మీ బావమరిది ఆపిన బస్సుల వల్ల ఎన్ని ట్రిప్పులు పోయాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. స్టాపుల్లో నిలబడ్డవాళ్ళ తిట్లు నేను తింటున్నాను. ఆయన కావాలనే బండ్లు ఆపుతున్నాడని పైవాళ్ళ అనుమానం. రేపు సాయంత్రానికి నాకు ఒక్క మాట చెప్పండి. బ్రేకుల్లో లోపం ఉందా, లేదా?"

"లేకపోతే ఏమవుతుంది మేడమ్?"

"సస్పెండు చేయమంటారు. తర్వాత సంగతి నా చేతుల్లో ఉండదు." మోగుతున్న ఫోను పక్కకు జరిపి, "మీ మాట ఇక్కడ ఎవరూ కాదనరు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను" అంది.

హుష్షన్న తలూపి బయటికి వచ్చాడు.

ఇంటికొచ్చేసరికి కుర్చీల వీపుల మీద తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. వంటింటి కిటికీ పక్కింటి గోడకేసి తెరుచుకుంటుంది కాబట్టి ఎండ వాళ్ళ వాటాకు రాదు. ఆయన ఒక బూటు విప్పి, రెండోది విప్పేలోపలే గోడకు జారబడ్డాడు. జరిగిందంతా కళ్ళు మూసుకునే చెప్పాడు.

భార్య పెనం దించి వచ్చింది. "ఏవండీ, ఇంత రాద్ధాంతం ఎందుకు? ఎక్కడో గాలి పోతోందని అంటే సరిపోతుంది కదా. మీ నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?"

"లేని లోపం ఉందని ఎలా చెప్పనే?"

"బండికి నోరుందా కాదనడానికి? వాడికి ఈ ఉద్యోగం తప్ప ఏముంది? పెళ్ళామా, పిల్లలా? ఆ బస్సే వాడికి ఇల్లు." కుర్చీ మీది తడిబట్ట తీసి మళ్ళీ దులిపి ఆరేసింది. "అమ్మ పోయాక నా చేతుల్లో పెరిగాడు వాడు. మీకు చేతనైతే కాపాడండి. చేతకాకపోతే ఆ మాట చెప్పండి."

హుష్షన్న రెండో బూటు విప్పాడు. మర్నాడు ఆయనకు సెలవు. బావమరిది బస్సులో కూర్చుని తానే చూసి వద్దామనుకున్నాడు. నిజానికి ఆయనకు పడుకోవాలని ఉంది.

మర్నాడు డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటే బావమరిది అద్దంలోంచే పలకరించాడు.

"ఏంటి బావా, సెలవు రోజున బస్సెక్కావు? అక్క ఇంట్లోంచి తరిమేసిందా?"

"నీ బండిలో నిద్ర బాగా పడుతుందంటే వచ్చాను."

బావమరిది నవ్వాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. దగ్గర్నించి చూస్తే కళ్ళ కింద చర్మం వేలాడుతోంది. చొక్కా బొత్తాలు ఒకదానికి పెట్టాల్సింది ఇంకోదానికి పెట్టుకున్నాడు.

బస్సు కదిలింది. హుష్షన్న కళ్ళు మూసుకున్నాడు. బ్రేకు సంగతి ఆయనకు అరికాళ్ళతో తెలుస్తుంది. కాసేపట్లోనే ఏదో తేడాగా తోచింది. రోడ్డు ఖాళీగా ఉన్నా బావమరిది ఊరికే బ్రేకు తాకుతున్నాడు. తాకి వదిలేస్తాడు, కాస్త పోనిచ్చి మళ్ళీ తాకుతాడు. జేబులో తాళంచెవి ఉందో లేదోనని మనిషి మాటిమాటికీ తడుముకుంటాడే, అలా. స్టాపు ఇంకా అల్లంత దూరాన ఉండగానే ఆపేస్తే, అక్కడ నిలబడ్డవాళ్ళు సంచులు పట్టుకుని తిట్టుకుంటూ పరిగెత్తుకొచ్చారు.

మందుల షాపు మలుపు దగ్గర మరీ ఘోరం. ఎదురుగా పిట్ట కూడా లేదు. బస్సు ఉన్నపళంగా ఆగిపోయింది. నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు.

"ఏమయ్యా, నడపడం ఎక్కడ నేర్చుకున్నావు?" అని వెనక నుంచి ఒకావిడ అరిచింది. "నా పళ్ళు ఊడి ఒళ్ళో పడేవి!"

"కట్టుడు పళ్ళేగా, మళ్ళీ పెట్టుకోవచ్చు" అన్నాడు ఇంకెవరో. నవ్వులు.

బావమరిది వినలేదు. కుడివైపు, ఎడమవైపు, మళ్ళీ కుడివైపు చూశాడు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. అప్పుడు కదిలాడు.

చివరి స్టాపులో బస్సు ఖాళీ అయ్యాక కండక్టరమ్మ దిగి టీ బడ్డీ దగ్గరికి నడిచింది. చాలాకాలంగా బావమరిదితో జతగా పనిచేస్తున్న మనిషి. హుష్షన్న వెనకే వెళ్ళాడు.

"ఆ మలుపులో ఏముందమ్మా?"

ఆమె ఒకసారి బస్సు వైపు చూసింది. "నేను చెప్పానని అనకండన్నయ్యా. ఎండాకాలంలో ఒకరోజు ఆ మలుపు తిరుగుతుంటే ఓ ముసలాయన చేతిలో గొడుగు జారిపడింది. తీసుకుందామని రోడ్డు మధ్యలో అలాగే వంగాడు. మీ వాడు బ్రేకు తొక్కాడు."

"తగిలిందా?"

"తగల్లేదు. బంపరుకీ ఆయన వీపుకీ మధ్య చెయ్యి దూరేంత జాగా. ఆయన లేచి, గొడుగు దులుపుకుని, తప్పయిపోయిందన్నట్టు చెయ్యెత్తి చూపించి వెళ్ళిపోయాడు."

"మరి?"

"మరేముంది. ఏమీ జరగలేదుగా. లోపల పడ్డవాళ్ళు మీ వాణ్ణే తిట్టారు. పోనివ్వు, పోనివ్వు, ఆలస్యమవుతోందని అరిచారు." ఆమె టీ గ్లాసులోకి చూసింది. "నేనూ రైట్ రైట్ అన్నానన్నయ్యా. ఆయన చేతులు వణుకుతున్నాయి, చూశాను. చూసి కూడా రైట్ అన్నాను. ఆ రోజు మిగతా ట్రిప్పులన్నీ ఆ చేతులతోనే నడిపాడు."

"డిపోలో చెప్పలేదా?"

"ఎవరికని? గుద్దితే చెప్పుకోవడానికి ఓ దారి ఉంది. గుద్దకపోతే ఎవరికి చెప్పాలి?"

హుష్షన్న టీ తాగకుండానే బస్సెక్కాడు. బావమరిది సీట్లోనే ఉన్నాడు. ఇంజను ఆపేసి ఉంది గానీ కాలు మాత్రం బ్రేకు మీదే ఉంది.

"బ్రేకులు బాగానే ఉన్నాయిరా."

"తెలుసు."

"తెలిసే నాచేత అన్ని చక్రాలు విప్పించావా?"

"చెప్పేటప్పుడు అబద్ధమనిపించదు బావా." అతను వెనక్కి తిరగలేదు. "తొక్కితే పడుతుంది. పడ్డాక కూడా నమ్మకం కుదరదు. ఆ రోజు పడకపోయి ఉంటే అని మొదలవుతుంది, ఇక ఆగదు. పడుకున్నా కుడికాలు తొక్కుతూనే ఉంటుంది. మొన్న దుప్పటి చిరిగింది."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? చావని మనిషి కలలోకి వస్తున్నాడనా? నవ్వరూ?" అప్పుడు వెనక్కి తిరిగాడు. "బావా, నీకు దణ్ణం పెడతాను. మేడమ్ అడిగితే గాలి లీకవుతోందని చెప్పు. ఈ ఒక్కసారికి గట్టెక్కించు. మెల్లగా నేనే సర్దుకుంటాను. సర్దుకోకపోతే నువ్వు అడుగు."

సరేనందామని హుష్షన్నకు నోటిదాకా వచ్చింది. సరే అంటే అంతా తేలికైపోతుంది. భార్య నవ్వుతుంది. బావమరిది రాత్రికి భోజనానికొస్తాడు. మేనేజరమ్మ కూడా ఊపిరి పీల్చుకుంటుంది. ఎవరితోనూ వాదించనక్కర్లేదు. వాదించే ఓపిక ఆయనలో ఎప్పుడో అయిపోయింది.

"చూద్దాం" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఓ తల్లి పిల్లాడి చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉంది. దాటుతున్నది కూడా కాదు. ఆటోకోసం చూస్తోంది. పిల్లాడు ఒక కాలు ముందుకు వేశాడో లేదో, బావమరిది బ్రేకును నేలకు తొక్కేశాడు. వెనకాల ఏదో పెద్ద బండి కీచుమని అరిచింది. హుష్షన్న తల తిప్పి చూసేసరికి వెనక అద్దం నిండా లారీ ముఖం ఉంది. తగల్లేదు. ఈసారి కూడా ఏమీ జరగలేదు.

లారీవాడు కిందికి దిగి నోటికొచ్చింది తిట్టి వెళ్ళాడు. బావమరిది స్టీరింగు మీద నుదురు ఆనించి ఉన్నాడు. కండక్టరమ్మ ఈసారి రైట్ అనలేదు. వెనకనుంచి ఎవరు ఎంత అరిచినా, అతనంతట అతను తలెత్తేదాకా తలుపు దగ్గరే నిలబడింది.

లోపం ఉందని చెబితే రేపు పొద్దున్న ఈ స్టీరింగు మళ్ళీ ఇతని చేతికే వస్తుంది. హుష్షన్నకు ఆ ఒక్కటే అర్థమైంది. కానీ ఆ ఒక్కటి అర్థమయ్యాక మిగిలిన దారులన్నీ మూసుకుపోయాయి.

సాయంత్రం మేనేజరమ్మ గదిలో నిలబడ్డాడు.

"బ్రేకులు బాగానే ఉన్నాయి మేడమ్."

ఆమె నిట్టూర్చి ఫోను దగ్గరికి చెయ్యి చాచింది. "అయితే కావాలనే—"

"కావాలని కాదు. పాడైంది బండి కాదు మేడమ్. మా వాడే బాగాలేడు."

ఆ తర్వాతి మాటలు ఆయన వెతుక్కోవలసి వచ్చింది. నోటికొచ్చేవన్నీ ఇంజను మాటలే. వాటిని ఒక్కొక్కటే పక్కకు నెట్టుకుంటూ గొడుగు సంగతి, దుప్పటి సంగతి, లారీ సంగతి చెప్పాడు. ఆమె మధ్యలో ఒకసారి మోగిన ఫోను తీసి పక్కన పెట్టేసింది.

"ప్రమాదం జరిగితే డ్రైవరుకు విశ్రాంతి ఇవ్వాలని, డాక్టరుకు చూపించాలని రూలుంది. జరగకపోతే ఏం చెయ్యాలో రూల్లో లేదు."

"అంటే ఆ ముసలాయన చచ్చిపోయుంటే మా వాడికి విశ్రాంతి దొరికేదా?"

అనేశాక హుష్షన్నే ఉలిక్కిపడ్డాడు. ఆమె కళ్ళజోడు తీసి ముక్కు మీద పడ్డ గుంటల్ని రుద్దుకుంది.

"దీనికి నా దగ్గర జవాబు లేదండీ" అంది. "యార్డులో వేస్తాను. లోపలే బండ్లు జరపాలి, జనం ఉండరు. జీతంలో కోత పడకుండా చూస్తాను. పెద్దాసుపత్రిలో మనసుకు వైద్యం చేసే డాక్టరుందట, అక్కడికి క్రమం తప్పకుండా వెళ్ళాలి. వెళ్తున్నాడని చూపిస్తేనే పైవాళ్ళ ముందు నేను నిలబడగలను. అదీ ఎన్నాళ్ళు నిలబడగలనో చెప్పలేను."

"పిచ్చి అని మాత్రం రాయకండి మేడమ్."

"నేను డాక్టర్ని కాదుగా. అలిసిపోయాడని రాస్తాను."

"అలా రాస్తే డిపోలో అందరి పేర్లూ రాయాలి."

ఆమె నవ్వింది. నవ్వుకు కూడా కూలి అడిగేట్టుంది ఆ ముఖం.

మర్నాడు బావమరిది కబురు అందిన గంటలోపే షెడ్డులోకి వచ్చి గోతి అంచున నిలబడ్డాడు. హుష్షన్నకు కింద నుంచి అతని బూట్లే కనిపిస్తున్నాయి.

"చెప్పేశావా?"

"చెప్పాను."

"యార్డు అంటే ఏంటో తెలుసా నీకు? తాగి పట్టుబడ్డవాళ్ళని పడేసే చోటు. రేపట్నించి అందరూ నన్ను చూసి తల దగ్గర వేలు తిప్పుకుంటారు. సొంత బావవి, ఒక్క మాట కడుపులో దాచుకోలేకపోయావా?"

"దాచుకుంటే నువ్వు రేపు ఎవర్నో..."

"ఇప్పటిదాకా ఎవర్నీ చంపలేదు నేను!" ఆ అరుపుకు షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. బూట్లు వెనక్కి తిరిగాయి. "అక్క ముఖం చూసి ఊరుకుంటున్నా. ఇక నువ్వెవరో నేనెవరో."

ఇంట్లోనూ అదే వరస. భార్య కంచం పెట్టి పక్కగదిలోకి వెళ్ళిపోయేది. నీళ్ళు కావాలంటే లేచి తెచ్చుకునేవాడు. అరిస్తే బాగుండుననిపించేది. డిపోలో టైర్లాయన "ఉయ్యాల యార్డులో ఊగుతోంది" అని ఒకసారి అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మళ్ళీ అనలేదు. యార్డులో బావమరిది బండ్లు జరిపేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆసుపత్రికి వెళ్ళాల్సిన మొదటి రోజున వెళ్ళలేదు.

"రెండోసారి కూడా వెళ్ళకపోతే నేను ఆపలేను" అని మేనేజరమ్మ హుష్షన్నకు కబురు పంపింది. ఆ మాట ఆయన ఇంట్లో పక్కగదికి వినబడేలా చెప్పాడు.

ఆ రెండో రోజున హుష్షన్న పని మధ్యలో చేతులు కడుక్కుని, బావమరిది గదికి మెట్లెక్కాడు. తలుపు ఓరగా తెరుచుకుంది.

"పద."

"రాను."

"చూడు, నాకు ఒకసారి ఎక్కడమే గగనమైంది. దిగి మళ్ళీ ఎక్కే ఓపిక లేదు. నువ్వు వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను."

"కూర్చో. నాకేం?" తలుపు మూసుకుంది.

హుష్షన్న పై మెట్టు మీద కూర్చున్నాడు. గోడ చల్లగా ఉంది. ఏవేవో చెప్పాలనుకున్నాడు. నీ మంచికేరా అని, మీ అక్క నాతో మాట్లాడటం లేదురా అని, నాకు మాత్రం సరదానా అని. అవన్నీ వరస పెట్టుకుంటూ ఉండగానే నిద్రపట్టేసింది.

భుజం పట్టి ఎవరో కుదిపారు. బావమరిది చొక్కా మార్చుకుని, చెప్పులేసుకుని నిలబడి ఉన్నాడు.

"లే బావా. గురకకి కింది వాటావాళ్ళు పైకొచ్చి చూసి వెళ్ళారు. పరువు తీశావు."

"వస్తున్నావా?"

"నువ్విక్కడ గురక పెట్టడం కంటే నేనక్కడికి పోవడమే నయం."

దారిలో మాట్లాడుకోలేదు. రోడ్డు దాటేచోట బావమరిది ఆగిపోయాడు. బండ్లన్నీ వెళ్ళిపోయి రోడ్డు ఖాళీ అయినా కదల్లేదు. హుష్షన్న తొందరపెట్టలేదు. అతను అడుగు వేసినప్పుడే తనూ వేశాడు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద చాలామంది ఉన్నారు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ఒకరి వైపు ఒకరు చూడకుండా, ఎవరికి వాళ్ళు ఇంకెవరికోసమో వచ్చినట్టు కూర్చున్నారు. లోపల్నించి పిలుపు వచ్చింది. బావమరిది లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"లోపల ఏం అడుగుతారు బావా?"

"నాకేం తెలుసు? నేనెప్పుడైనా వచ్చానా?"

"మాట రాకపోతే?"

"రాకపోతే ఊరికే కూర్చో. నేనిక్కడే ఉంటాను. పడుకోనులే."

బావమరిది వెళ్ళాడు. తలుపు మూశారు. వరండాలోకి మాటలు వినిపించడం లేదు గానీ గొంతు తెలుస్తోంది. ముందు డాక్టరుదే. తర్వాత చాలాసేపు ఏదీ లేదు. హుష్షన్న తలుపుకేసి చూస్తూ కూర్చున్నాడు. కళ్ళు మూతలు పడుతుంటే చేత్తో రుద్దుకున్నాడు. అప్పుడు బావమరిది గొంతు మొదలైంది. రెండు మాటలు, ఆగింది. ఇంకో నాలుగు మాటలు.

జేబులో ఫోను మోగింది. భార్య. ఇన్నాళ్ళ తర్వాత ఆమె గొంతు విని ఆయన లేచి నిలబడ్డాడు.

"వాడు వచ్చాడా?"

"వచ్చాడు. లోపల ఉన్నాడు."

"ఏం చేస్తున్నాడు?"

హుష్షన్న ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తలుపు వైపు మరికాస్త వంగాడు.

"మాట్లాడుతున్నాడే" అన్నాడు మెల్లగా. "ఇంకా మాట్లాడుతున్నాడు."